పెట్టినవాడే తీయాలి

జూన్ 4, మంగళవారం

ఈ నోటుబుక్కు నేనే కుట్టుకున్నాను. ప్రెస్సులో మిగిలిపోయిన కాగితం, అంచులు నా మెషిన్ మీదే కోశాను. ఇరవై రెండేళ్లుగా ఎవరెవరి పుస్తకాలకో అంచులు కోస్తున్నాను గానీ, ఒక్కదాంట్లో ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. ఇప్పుడు రాయాల్సి వస్తోంది. మధ్యాహ్నం భోజనాల వేళ గోడౌన్‌లో కాగితం కట్టల వెనక కూర్చుంటే ఇటు ఎవరూ రారు.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకి చెప్పిందే ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను. మళ్లీ అడిగితే మాట మారకూడదు.

కటింగ్ మెషిన్‌కి ముందువైపు అటొకటి ఇటొకటి రెండు బటన్లుంటాయి. రెండూ ఒకేసారి, రెండు చేతులతో నొక్కితేనే బ్లేడు దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీదుంటే బ్లేడు కింద పెట్టడానికి ఇంకో చెయ్యి ఉండదు. ఎవరో తెలివైనవాడు కనిపెట్టాడు. తొందర పనుంటే మేం ఇంకో తెలివి వాడతాం. మాది పాత మెషిన్. ఒక బటన్ సందులో మడిచిన అట్టముక్క కూరితే అది నొక్కినట్టే ఉండిపోతుంది. ఒక చేత్తో రెండో బటన్ నొక్కుతూ, ఖాళీ చేత్తో కట్ట సర్దుకోవచ్చు. తప్పే. అందరూ చేస్తారు. దానికి మా ఫోర్‌మన్, మా బావ నేర్పిన నియమం ఒకటుంది. అట్ట పెట్టినవాడే తీయాలి. మంచినీళ్లకి పోయినా సరే, తీసి పోవాలి.

మే 28న నా మెషిన్ మీద బొమ్మల కార్డుల కట్ట ఉంది. ఆ కార్డులు గీసినావిడ ప్రూఫు చూడటానికి వచ్చింది, రమ్మని మేనేజర్ పిలిస్తే వెళ్లాను. అయిదు నిమిషాలు. అరుపు విని పరిగెత్తుకొచ్చాను. నా మెషిన్ దగ్గర బావ. కుడిచేతికి చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు లేవు. నేను వచ్చేసరికి బటన్‌లో ఏమీ లేదు.

ఇన్‌స్పెక్టరుకి ఇదే చెప్పాను. పాత మెషిన్ కదా, వైరింగ్ ఏదో అయి ఉంటుందని కూడా చెప్పాను. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి కాబట్టి బావ అదృష్టవంతుడని డాక్టరు అన్నాడు. డాక్టర్ల లెక్కే వేరు.

జూన్ 5, బుధవారం

అట్ట ఉందో లేదో నాకు గుర్తులేదు.

జూన్ 7, శుక్రవారం

మేనేజర్ నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు.

"మీ బావమరిది ఒప్పుకున్నాడయ్యా," అన్నాడు. బావ మా ఆవిడకి అన్న, నాకు బావమరిది కాడని ఈయనకి పదేళ్లుగా చెప్తూనే ఉన్నాను. "అట్ట తనే పెట్టాడట. వేళ్లు తెగాక తనే లాగి పారేశాడట. ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. మెషిన్ తప్పు లేదు, ప్రెస్సు తప్పు లేదు. బతికాం."

బతికాం అన్నాను నేను కూడా.

అయితే బావే పెట్టి ఉంటాడు. నేను వెళ్లేముందు నాది తీసే ఉంటాను. ఇరవై రెండేళ్ల అలవాటు, ఎక్కడికి పోతుంది. నేను తీసిపోయాక బావ వచ్చి, తనది పెట్టుకుని ఉంటాడు. బావ అబద్ధమాడడు. నన్ను ఈ ప్రెస్సులో చేర్చినవాడు, పని నేర్పినవాడు, పని నేర్చుకున్నాను కదా అని చెల్లెల్ని ఇచ్చినవాడు. ఎప్పుడూ అబద్ధమాడలేదు.

బావ అబద్ధమాడడు.

జూన్ 9, ఆదివారం

చర్చికి వెళ్లాం. పాస్టరు కృప గురించి చెప్పాడు. ఆయన ఏడాదికి పదిసార్లు చెప్తాడు. వాన ఎలా అందరి మీదా కురుస్తుందో కృప అలాగట. వానకి గొడుగులున్నాయి అనుకున్నాను. తర్వాత, "మీలో దాచుకున్న పాపం ఎవరికైనా ఉందా" అని ఆయన మాటవరసకి అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చొక్కా జేబు తడుముకున్నాను. మా ఆవిడ చూసి, "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయారా?" అంది.

అవునన్నాను.

జూన్ 12, బుధవారం

నెత్తురు పడిన కట్ట తగలబెట్టారు. కార్డులన్నీ మళ్లీ ప్రింటు చేశాం. ప్రూఫు చూడటానికి కార్డులావిడ మళ్లీ వచ్చింది.

అరవై దాటాయి ఆవిడకి. డ్రాయింగ్ టీచరుగా రిటైరైంది. డెబ్భై ఎనిమిది టారో కార్డులు ఆరేళ్లు కూర్చుని గీసిందట. జోస్యం చెప్పేవాళ్లు బల్ల మీద పరిచే బొమ్మల కార్డులవి. ఆ దయ్యం బొమ్మలు కోసిన చేత్తో నా బైబిలు ముట్టుకోకండని మా ఆవిడ ఎప్పుడో చెప్పింది.

"మీరు జోస్యం చెప్తారామ్మా?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"నేనెందుకు చెప్తానండీ. జరిగిపోయిందే అర్థంకాక ఛస్తుంటే జరగబోయేది నాకెందుకు."

షీట్లు తిరగేస్తూ తిరగేస్తూ ఆగిపోయింది. "ఆయన ఎలా ఉన్నారు?"

"ఉన్నాడు."

"నేను ఆ రోజు మిమ్మల్ని పిలిపించకుండా ఉండాల్సింది. మీరు మెషిన్ దగ్గరే ఉండుంటే ఇది జరిగేది కాదు. రోజూ అదే అనుకుంటున్నాను."

ఆ బరువు కాసేపు ఆవిడ మోస్తే మోయనీ అనుకున్నాను. రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, అనుకున్నమాట నిజం.

ఒక కార్డు నాతో కోయించి, నా చేతికే ఇచ్చి చూడమంది. గిన్నెల ఆసు అట, పేకలో ఇస్పేటు ఆసులాగా. మబ్బులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఉంది. తెరిచిన అరచేతి మీద గిన్నె. పైనుంచి ఒక పావురం, సిలువ గుర్తున్న రొట్టెబిళ్లని ముక్కున పట్టుకుని గిన్నెలోకి దిగుతోంది. గిన్నె నిండి అన్ని వైపులా పొర్లుతోంది.

"ఇది చర్చిలో ఇచ్చే రొట్టెలా ఉందే," అన్నాను.

"అదే. పదేళ్లు సండేస్కూల్లో చెప్పానండీ, అర్హత లేనివాడికి దొరికేదే కృప అని. పిల్లలు బట్టీపట్టారు, నేను పట్టించాను. ఈ కార్డు గీసేదాకా నాకే తెలీలేదు."

"ఏం తెలిసింది?"

"మొదట కింద రెండు చేతులు గీశాను, పుచ్చుకుంటున్నట్టు. చూస్తే బేరంలా ఉంది. తుడిచేసి, మోకాళ్ల మీద ఒక మనిషిని గీశాను. ముష్టెత్తుతున్నట్టుంది. అదీ తుడిచేశాను. చివరికి ఇచ్చే చెయ్యి ఒక్కటే మిగిలింది. ముఖం కూడా లేదు చూడండి, ప్రేమగా ఇస్తోందో విసుగ్గా ఇస్తోందో తెలీదు. ఇస్తోంది, అంతే. పుచ్చుకునేవాడు ఎలాంటివాడో ఆ చెయ్యి అడగదు. వాడు బొమ్మలోనే ఉండడు."

"మరెక్కడున్నట్టు?"

"కార్డు ఎవరి చేతిలో ఉంటే వాళ్లేనండీ."

కార్డు నా చేతిలో ఉంది. బల్ల మీద పెట్టేశాను. అంచు అర మిల్లీమీటరు ఎడమకి జరిగింది, సరిచేస్తానని చెప్పి లేచాను.

నాకు నచ్చిన కార్డు వేరే. న్యాయం కార్డు. ఒక చేతిలో తక్కెడ, ఒక చేతిలో కత్తి. అది అర్థమవుతుంది నాకు. కోసేవాణ్ని కదా.

జూన్ 13, గురువారం

దయ్యం కార్డు కోశాను ఇవాళ. కొమ్ములవాడు ఎత్తు మీద కూర్చుని ఉంటాడు. కింద ఒక మగ, ఒక ఆడ, మెడల్లో గొలుసులు. కట్ట సర్దుతూ చూశాను. గొలుసులు చాలా వదులుగా ఉన్నాయి. తల మీదుగా తీసి పడేయొచ్చు. ఇద్దరి చేతులూ ఖాళీగానే ఉన్నాయి, పదేసి వేళ్లతో. అయినా నిలబడే ఉన్నారు.

సరే. రాసేస్తాను.

అట్ట నేను పెట్టాను. మేనేజర్ పిలిచినప్పుడు తీయకుండా వెళ్లాను. నా కట్ట వంకరగా ఉందని, సర్దిపెడితే నాకు పని తేలికవుతుందని బావ వచ్చాడు. కుడిచెయ్యి కట్ట మీద పెట్టాడు. వంగినప్పుడు ఎడమ మోచెయ్యి రెండో బటన్‌కి తగిలింది. అరుపు విని పరిగెత్తుకొచ్చాను. బావ కాగితాల మీదికి ఒరిగి ఉన్నాడు. నా చెయ్యి ముందు బటన్ దగ్గరికి వెళ్లింది. అట్టముక్క లాగి జేబులో పెట్టుకున్నాను. ఆ తర్వాత బావ చెయ్యి పట్టుకున్నాను.

ముందు అట్ట. తర్వాత చెయ్యి.

రెండు సెకన్లు పట్టి ఉంటుంది. అర మిల్లీమీటరు తేడా పట్టే కన్ను నాది, ఆ రెండు సెకన్లు కనబడకుండా పోతాయా. రెండు వారాలు కనబడనట్టే ఉన్నాను.

అట్టముక్క ఈ పుస్తకం వెనకట్టలో చిన్న జేబు చేసి దాచాను. పారేయొచ్చు. పారేయలేదు.

జూన్ 16, ఆదివారం

బావని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించారు. మా ఇంటికి రమ్మంటే రాలేదు. భార్య పోయినప్పటి నుంచీ రెండు వీధుల అవతల మేడమీద గదిలో ఒక్కడే ఉంటున్నాడు. నేనూ మా ఆవిడా భోజనం తీసుకెళ్లాం. కట్టు విప్పి, పలకలా ఉన్న ఆ చేతికి మా ఆవిడ మందు రాస్తూ మొదలుపెట్టింది.

"చిన్నప్పటి నుంచీ నీకు తొందరే. ముందూ వెనకా చూసుకునేది లేదు. అందరికీ నేర్పేవాడివి, నీకు లేదా బుద్ధి? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?"

"కాలలేదే, తెగింది," అన్నాడు బావ.

"నవ్వులాటగా ఉందా అన్నయ్యా? ఈయన్ని చూడు. ఇరవై రెండేళ్లు అదే మెషిన్ మీద ఉన్నారు, గోరు కూడా ఊడలేదు. జాగ్రత్త ఉండాలి మనిషికి."

బావ నావైపు చూడలేదు. మిగిలిన రెండు వేళ్లూ ఒకసారి ఆడించి చూసుకున్నాడు. "ఇక నేనెవర్నీ వేలెత్తి చూపలేను," అన్నాడు.

మా ఆవిడ ఏడ్చేసింది. నేను కిటికీ దగ్గరికి వెళ్లి, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆమె అన్న ప్రతి మాటా నాకు చెందాల్సింది, ఒక్కటీ నాకు చేరలేదు.

జూన్ 18, మంగళవారం

శుక్రవారం బావ వచ్చి సంతకం పెట్టాలట. ప్రమాదానికి కారణం తన అజాగ్రత్తేనని, తనే ఉద్యోగం మానుకుంటున్నానని. సంతకం పెట్టాక ఇక ప్రెస్సు గడప తొక్కే పని లేదు. ముప్ఫై నాలుగేళ్లు.

బావ ఫోర్‌మన్ సీటు నాకిస్తారట. మేనేజర్ చెయ్యి కలిపాడు. నా కుడిచెయ్యి బాగానే పనిచేస్తోంది.

శుక్రవారంలోపు చెప్పాలి. ఇంకా మూడు రోజులుంది.

జూన్ 19, బుధవారం

ఇంకా రెండు రోజులుంది.

జూన్ 20, గురువారం

సాయంత్రం డ్యూటీ దిగి తిన్నగా బావ గదికి వెళ్లాను. చొక్కా విప్పుకుంటున్నాడు. ఎడమచేత్తో ఒక్కో గుండీ తీస్తున్నాడు. సాయం చేయబోతే మోచేత్తో తోసేశాడు.

"బావా, నీకొకటి చెప్పాలి."

"చెప్పొద్దు."

"అది కాదు, నీకు తెలీదు."

"అట్ట సంగతేగా. కూర్చో."

కూర్చోలేదు.

"చూశాను," అన్నాడు. "నువ్వు లాగి జేబులో పెట్టుకుంటుంటే చూశాను. పోయింది వేళ్లు బావా, కళ్లు కాదు."

"మరి నువ్వు పెట్టానని ఎందుకు చెప్పావు?"

"ఏమో."

"చెల్లెలి కోసమా?"

"దాని కోసమైతే నిన్ను నాలుగు తన్ని, దాన్ని తీసుకొచ్చి ఇక్కడ పెట్టుకునేవాణ్ని."

"మరెందుకు?"

చాలాసేపు గుండీతోనే ఉన్నాడు. "అట్ట లాగుతున్నప్పుడు నీ ముఖం చూశాను. అంత భయం నేనెక్కడా చూడలేదు. తెగింది నాకు, చస్తున్నట్టు ఉన్నది నువ్వు. తర్వాత వాళ్లు మంచం దగ్గరికొచ్చి, అట్ట ఎవరు పెట్టారని అడిగారు. నేనే అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు."

"కోపం లేదా నీకు?"

"లేదని ఎవరన్నారు? పొద్దున లేచి ఆరు గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటా నిన్ను తిడతాను. పక్కగదిలోవాళ్లు వినకూడని తిట్లు. చివరి గుండీ పెట్టాక తిట్లు ఆపేస్తాను. మర్నాడు మళ్లీ మొదలు."

"రేపు సంతకం పెట్టకు. నేను వెళ్లి చెప్పేస్తాను."

"చెప్తే మొలుస్తాయా? ఇచ్చిందేదో ఇచ్చేశాను. తిరిగిచ్చినా పట్టుకోవడానికి నాకు చెయ్యి లేదు. వెళ్లు, అది అన్నం వడ్డించుకుని కూర్చుని ఉంటుంది."

మెట్లు దిగుతుంటే ఒళ్లు మండిపోయింది. క్షమించమని నేను అడగనే లేదు. అడగకముందే అయిపోయిందట, ఆసుపత్రి మంచం మీద, నేను లేనప్పుడు. తిడితే తల దించుకోవచ్చు. కొడితే ఓర్చుకోవచ్చు. పోలీసులకి పట్టిస్తే జైల్లో కూర్చుని లెక్క తీరిందనుకోవచ్చు. ఊరికే ఇచ్చేస్తే ఏం చేయాలి మనిషి?

జూన్ 21, శుక్రవారం

బావ సంతకం పెట్టాడు. ఎడమచేత్తో రాయడం ఇంకా రాలేదు. కాగితం బల్ల మీద జారిపోతోంది. మేనేజర్ నావైపు చూశాడు.

కాగితం జారకుండా నేను పట్టుకున్నాను. రెండు చేతులతో.

జూన్ 24, సోమవారం

ఫోర్‌మన్ కుర్చీ ఎత్తు నాకు సరిపోలేదు. బావ పొడగరి.

జూన్ 27, గురువారం

పని చేసే చోట నోటీసు పెట్టమన్నారు. పైన బావ పేరు. కింద, బటన్‌లో అట్ట పెట్టుకుని స్వయంగా ప్రమాదం తెచ్చుకున్నాడని, మిగతావాళ్లు ఇది చూసి బుద్ధి తెచ్చుకోవాలని. ప్రింటు మనదే, కాగితం మనదే. కొత్త ఫోర్‌మన్‌ని కాబట్టి గోడ మీద పెట్టే పని నాది. నాలుగు మూలలా నాలుగు పిన్నులు, కొలిచి మరీ గుచ్చాను. కొంచెం కూడా వంకర లేదు.

జూన్ 28, శుక్రవారం

ఈ పుస్తకం వెనకట్ట జేబులోంచి అట్టముక్క తీసి మొదటిసారి విప్పి చూశాను. మా దగ్గర పాడైన షీట్లే మడిచి అట్టలు చేస్తాం. కార్డుల షీటుదే అయి ఉంటుంది. ఏ బొమ్మ ఉంటుందోనని ఒక్కో మడతే విప్పాను. మబ్బులోంచి చెయ్యి ఉంటుందేమో. న్యాయం కార్డు ఉంటుందేమో. నాకేదో చెప్తుందేమో.

షీటు అంచున రంగులు సరిచూసుకోవడానికి వేసే పట్టీ. నీలం, ఎరుపు, పసుపు, నలుపు. అంతే.

నవ్వొచ్చింది. బొమ్మ ఉంటే ఆ బొమ్మే చెప్పేది, నేను చెప్పక్కర్లేకపోయేది.

జూన్ 30, ఆదివారం

చర్చి నుంచి వచ్చి ముగ్గురం మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. బావ ఎడమచేత్తో తింటున్నాడు. సగం కంచం బయట పడుతోంది. మా ఆవిడ తుడుస్తూ అంది, "ప్రెస్సులో నోటీసు పెట్టారటగా నీ పేరు మీద. పక్కింటావిడ చెప్పింది. నలుగురిలో తలెత్తుకునేలా లేదు. ఆ ఒక్కరోజు ఆ తొందర లేకపోతే ఏం పోయేది అన్నయ్యా?"

బావ మెతుకులు ఏరుతున్నాడు.

"అట్ట నేను పెట్టాను," అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. మొత్తం చెప్పాను, మేనేజర్ పిలవడం దగ్గర్నుంచి ఆసుపత్రి దాకా. ఒక్కటి దాటేశాను. అరుపు విని వచ్చానని, బావ చెయ్యి పట్టుకున్నానని చెప్పాను.

ఆమె కంచం పక్కకి జరిపింది. తర్వాత అడిగింది.

"బటన్‌లో అట్ట లేదన్నారుగా. ఎప్పుడు తీశారు?"

"వచ్చాక."

"వచ్చాక అంటే? ముందు దేన్ని పట్టుకున్నారు?"

ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె నన్ను ఇంత సూటిగా ఎప్పుడూ ఏమీ అడగలేదు.

"అట్టని," అన్నాను.

లేచి చెయ్యి కడుక్కుంది. లోపలికెళ్లి రెండు చీరలు, బైబిలు సంచిలో వేసుకుంది. బావ గుమ్మం దగ్గర నిలబడి నాతో అన్న మాట ఒకటే.

"నీ బరువు దించుకుని దాని నెత్తిన పెట్టావు. హాయిగా ఉందా?"

ఇద్దరూ వెళ్లిపోయారు. మూడు కంచాలూ నేనే కడిగాను. హాయిగా లేదు.

జూలై 1, సోమవారం

మేనేజర్‌కి చెప్పాను. అట్టముక్క బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని పెన్నుతో పక్కకి నెట్టాడు.

"ఫైలు మూసేశారయ్యా. మళ్లీ తెరిస్తే, ప్రెస్సులో అందరూ అట్టలు పెడతారన్న సంగతి బయటికొస్తుంది. నీకు ఒంట్లో బాగోలేదు, ఇంటికెళ్లి పడుకో."

"నేను చేశానని చెప్తున్నానుగా."

"విన్నాను. వినలేదనుకో."

శిక్ష పడుతుందేమోనని నెల రోజులు వణికాను. తీరా అడుక్కుంటే ఇచ్చే నాథుడు లేడు.

నోటీసు దగ్గరికి వెళ్లాను. మెషిన్ల మీద ఉన్న పన్నెండు మందీ చూస్తున్నారు. అట్ట నాదని అందరికీ వినబడేలా చెప్పాను. గుచ్చినవాణ్ని నేనే కాబట్టి నాలుగు పిన్నులూ నేనే తీశాను. ఫోర్‌మన్ కుర్చీ వద్దని, పాత మెషిన్ దగ్గరికే పోతానని మేనేజర్‌తో చెప్పాను. ఆయన విననట్టే ఉన్నాడు. రేపటి నుంచి అక్కడే నిలబడతాను.

జూలై 3, బుధవారం

కార్డులావిడ పెట్టెలు తీసుకెళ్లడానికి వచ్చింది. అట్ట సంగతి చెప్పాను. "మీరు పిలిపించడం వల్ల కాదమ్మా. మీ తప్పు ఆవగింజంత కూడా లేదు. మీరు బాధపడుతుంటే చూస్తూ ఊరుకున్నాను, అది కూడా నా తప్పే," అన్నాను.

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇన్ని రోజులూ నిద్రపోలేదండీ నేను," అంది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడింది కూడా. కానీ మెట్ల మీద ఆగి, వెనక్కి తిరిగి, "చెప్పినందుకు థాంక్సండీ," అంది.

మెషిన్ దగ్గర నిలబడి అదే ఆలోచించాను. పెట్టినవాడే తీయాలి. ఆ నియమం మీదే ఈ ప్రెస్సు నడిచింది, నా బుర్ర కూడా నడిచింది. తప్పు ఎవడిదో శిక్ష వాడిదే, తక్కెడ ఒక చేతిలో, కత్తి ఒక చేతిలో. ఆ నియమం నాకు నేర్పిన మనిషే, తను పెట్టనిది తనే తీశాడు. నేను పెట్టింది. అది ఇన్నాళ్లకి తట్టింది. తట్టినందుకు సంతోషంగా లేదు. ఎవరో నా గొలుసు వదులు చేసి పెట్టారు, తల బయటికి పెట్టాలంటే ఇప్పటికీ భయంగానే ఉంది.

జూలై 5, శుక్రవారం

ఇంట్లో ఎవరూ లేరు. నేను వండిన అన్నం నేనే తినలేకపోయాను.

జూలై 7, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. పదకొండింటికి బావ గదికి వెళ్లాను. మంచి ఎండ. మూడంతస్తుల మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. తలుపు మా ఆవిడ తీసింది. నన్ను రమ్మనలేదు. తలుపు వేయకుండా లోపలికి వెళ్లిపోయింది. గడప దగ్గరే నిలబడ్డాను.

బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు వీపే కనబడుతోంది. చొక్కా గుండీలన్నీ పెట్టుకునే ఉన్నాడు, అంటే ఇవాళ్టి తిట్లు అయిపోయి ఉంటాయి.

"ఏం మనిషివిరా నువ్వు," అన్నాడు ఇటు తిరగకుండానే. ఇరవై రెండేళ్లలో నన్ను 'రా' అనలేదు. "దానికి చెప్పకుండా ఉండాల్సింది. వారం రోజులుగా సరిగా అన్నం ముట్టట్లేదు. నాకు నీ మీద ఎంత కోపంగా ఉందో తెలుసా?"

"తెలుసు."

"తెలీదు."

నేను ఆయాసపడుతూనే ఉన్నాను. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది, ఆమె వింటోంది.

బావ పక్కనున్న కూజాలోంచి ఎడమచేత్తో గ్లాసులో నీళ్లు వంపాడు, పైదాకా. గ్లాసుని కుడి అరచేతి మీద పెట్టుకున్నాడు. పట్టుకోవడానికి వేళ్లు లేవు కదా. అరచెయ్యి వెల్లకిలా పెట్టి, అటు బొటనవేలు, ఇటు చిటికెనవేలు ఆనించి, గ్లాసుని నిలబెట్టడం నేర్చుకున్నాడు. ముఖం కిటికీ వైపే ఉంచి ఆ చెయ్యి వెనక్కి, నావైపు చాచాడు. చెయ్యి వణుకుతోంది. నీళ్లు గ్లాసు అంచు దాటి అన్ని వైపులా కారుతున్నాయి, మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి.

ఆ బొమ్మని నేను కొన్ని వేలసార్లు కోశాను.

"పట్టుకో, పడిపోతుంది," అన్నాడు, కోపంగానే.

గడప దాటి లోపలికి వెళ్లాను. రెండు చేతులతో పట్టుకున్నాను.